కాలనీ పార్కులో రాలిన ఆకులన్నీ ఊడ్చి కాల్చేస్తున్నారు, మరి ఆ సారం అంతా ఎక్కడికి పోతోంది?

సైనిక్‌పురి_వాసి:

హాయ్ అందరికీ, పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మా కాలనీ పార్కులో కానుగలు, వేపలు, రెండు పెద్ద నిద్రగన్నేరు చెట్లు ఉన్నాయి. ఫిబ్రవరి వచ్చిందంటే ఆకు రాలడం మొదలు, పొద్దున ఆరింటికల్లా ఇద్దరు ఆడవాళ్లు వచ్చి కట్టె చీపుర్లతో మట్టి కనపడేదాకా ఊడ్చేస్తారు, ఎంత నున్నగా అంటే అక్కడే ముగ్గు వేసుకోవచ్చు. అదంతా సంచుల్లో నింపి మూలకి పడేస్తారు, ట్రాక్టర్ వస్తే పోతుంది, రాకపోతే సాయంత్రం ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీసేస్తారు, ఇక రాత్రంతా ఇళ్లలో పొగ.

ఇదొక బాధ అయితే, జూన్‌లో అదే అసోసియేషన్ అదే పార్కు కోసం మన మెయింటెనెన్స్ డబ్బులతో ఒక ట్రాక్టర్ ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్ సంచులు, డీఏపీ (నైట్రోజన్, ఫాస్ఫరస్ ఉండే ఎరువు) కొంటుంది. అయినా చెట్లు ఏమంత కళగా లేవు, ఆకులు పసుపు పచ్చగా అవుతున్నాయి.

మా వాడి సైన్స్ పుస్తకంలో నైట్రోజన్ చక్రం బొమ్మ ఉంది, గుండ్రంగా బాణాలు, మట్టిలోంచి మొక్కకి, మొక్క నుంచి మళ్లీ మట్టికి. "అమ్మా, చక్రం తిరుగుతూనే ఉంటే మనం ఎరువు ఎందుకు కొంటున్నాం?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు, గూగుల్ చేస్తే అన్నీ పరీక్షకి రాసే జవాబులే వస్తున్నాయి. మనుషులు చేసే పనుల వల్ల ఈ చక్రానికి నిజంగా ఏమవుతోందో మామూలు భాషలో ఎవరైనా చెప్తారా? మా పార్కుకి ఏం చేయాలో కూడా చెప్తే పుణ్యం ఉంటుంది.

---

రాజేంద్రనగర్_మట్టిబడి:

నేను సాయిల్ సైన్స్ చదివాను మేడం, తెలిసింది చెప్తా, కొంచెం లెక్చర్‌లా ఉంటే క్షమించండి.

పుస్తకంలో ఉన్న బొమ్మ అడవిది. అడవిలో చెట్టు ఆకుని ఊరికే రాల్చేయదు, రాల్చే ముందు ఆ ఆకులో ఉన్న నైట్రోజన్, ఫాస్ఫరస్‌లో సగం దాకా కొమ్మల్లోకి వెనక్కి లాక్కుంటుంది. పచ్చని ఆకు పసుపు రంగులోకి మారడం అంటే ఈ పని జరుగుతోందనే. కాల్షియం లాంటివి మాత్రం వెనక్కి రావు, ఆకుతోనే రాలిపోతాయి. కింద పడ్డ ఆకుని చెదలు, వానపాములు, శిలీంధ్రాలు, బ్యాక్టీరియా వరసగా తినుకుంటూ పోతాయి, అందులో ఉన్నది మెల్లగా కరిగి మళ్లీ అదే చెట్టు వేళ్లకే అందుతుంది. పెద్ద అడవుల్లో చెట్టుకి ఏడాదికి కావాల్సిన పోషకాల్లో చాలా భాగం ఇలా పాత ఆకుల్లోంచే వస్తుంది, గాల్లోంచి, రాయి అరిగి కొత్తగా చేరేది చాలా తక్కువ.

ఇప్పుడు మీ పార్కులో రోజూ ఊడ్చేస్తున్నారు కదా, చెట్టు నుంచి మట్టికి వెళ్లే బాణాన్ని తెంపేసినట్టే. చెట్టు మాత్రం తీసుకోవడం ఆపదు, మట్టిలో పాత నిల్వ ఉన్నన్ని రోజులు లాగుతుంది, ఆ తర్వాత ఏముంటుంది.

కాలిస్తే ఏమవుతుందంటే, నైట్రోజన్ దాదాపు అంతా పొగలో గాల్లోకి పోతుంది, కొంత మామూలు నైట్రోజన్‌గా, కొంత ఆక్సైడ్లుగా. పొటాషియం, కాల్షియం, ఫాస్ఫరస్ చాలావరకు బూడిదలో మిగులుతాయి కానీ ఆ బూడిద మూలన ఒక్క చోటే కుప్పగా ఉంటుంది, మొదటి వానకి కొట్టుకుపోయి నాలాలోకి వెళ్తుంది, చెట్టు కిందికి రాదు. కార్బన్ సంగతి సరేసరి. అన్నట్టు చెత్త కాల్చడం మీద 2016 డిసెంబర్‌లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ ఆర్డర్ ఉంది, మామూలుగా కాలిస్తే 5,000, పెద్దమొత్తంలో అయితే 25,000 ఫైన్. మీ మీటింగ్‌లో ఈ ముక్క చెప్తే సైన్స్ కన్నా త్వరగా పనిచేస్తుంది.

ఇక మనిషి చేతి దెబ్బ ఎంత ఉంటుందో చూపించిన పాత ప్రయోగం ఒకటి ఉంది, అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం హబ్బర్డ్ బ్రూక్ అడవిలో. లైకెన్స్, బోర్మన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, వాళ్ల బృందం 1965-66 చలికాలంలో ఒక చిన్న వాగు పరీవాహకంలో చెట్లన్నీ నరికేశారు, కలప బయటికి తీయలేదు, అక్కడే వదిలేశారు, కలుపు మందు కొట్టి కొత్త మొక్క మొలవకుండా చూశారు. పక్కన ఉన్న ఇంకో వాగుని ముట్టుకోలేదు. నరికిన వైపు వాగు నీళ్లలో నైట్రేట్ (నీళ్లలో కరిగే నైట్రోజన్ రూపం) పదుల రెట్లు పెరిగి తాగునీటి పరిమితి కూడా దాటేసింది. ఎవరూ ఎరువు వేయలేదు చూడండి, మట్టిలో కుళ్లుతూ తయారైన నైట్రేట్‌ని పట్టుకోవడానికి వేళ్లు లేవు, అంతే. కాల్షియం, పొటాషియం కూడా దాంతో పాటే పోయాయి. అంటే చక్రాన్ని పట్టుకుని ఉండేది మట్టి ఒక్కటే అనుకుంటాం గానీ, సగం పని బతికున్న వేళ్లది.

మేడం ఒక ప్రశ్న, పసుపు అవుతున్నవి ముదురు ఆకులా, కొత్త చిగుళ్లా? ఈనెలు ఆకుపచ్చగానే ఉన్నాయా? ఇది చెప్తే మిగతాది చెప్తా.

---

ప్రెసిడెంట్_అంకుల్:

ఇవన్నీ వినడానికి బాగుంటాయమ్మా. నేను చాలా ఏళ్లుగా మా కాలనీ పనులు చూస్తున్నా. ఆకులు వదిలేస్తే పాములు, తేళ్లు, దోమలు అని జనం నా గేటు ముందే నిలబడతారు, ఎవడో సిగరెట్ పడేస్తే అంటుకుంటుంది, వాకింగ్ చేసే పెద్దవాళ్లు జారి పడతారు. పిల్లలు ఆడుకునే చోటు అది, అడవి కాదు.

పైగా లెక్క చూడండి. మీ పార్కులో సీజన్ మొత్తానికి మూడు టన్నుల ఎండాకు అనుకుందాం, ఎక్కువే వేసుకున్నా. ఎండాకులో నైట్రోజన్ ఒక శాతం, అంటే 30 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం లెక్కన 20 కిలోల పైనే ఉంటుంది. అంటే బస్తాన్నర యూరియా, బస్తా 266 రూపాయల చిల్లర. నాలుగొందల రూపాయల కోసం ఇంత గొడవా? నేను రిటైర్డ్ అకౌంట్స్ మనిషిని, లెక్క తప్పు అయితే చెప్పండి.

---

రాజేంద్రనగర్_మట్టిబడి:

లెక్క కరెక్టే అంకుల్, ధర మాత్రం మనది కాదు. ఆ 266 సబ్సిడీ ధర, అసలు తయారీకి అయ్యేది దానికి ఎన్నో రెట్లు, మిగతాది ప్రభుత్వం కడుతుంది, అంటే మళ్లీ మనమే. యూరియా తయారు చేయాలంటే నేచురల్ గ్యాస్ కావాలి, మన రామగుండం ఫ్యాక్టరీ కూడా గ్యాస్ మీదే నడుస్తుంది, గ్యాస్ పైప్‌లైన్‌లో వస్తుంది. గాల్లో నైట్రోజన్‌ని అమ్మోనియాగా మార్చే పద్ధతిని జర్మనీలో హేబర్ 1909లో చూపించాడు, బాష్ దాన్ని 1913లో ఫ్యాక్టరీ చేశాడు. అప్పటిదాకా భూమ్మీద గాలి నైట్రోజన్‌ని మొక్కకి పనికొచ్చేలా మార్చేది ముఖ్యంగా పిడుగులు, కొన్ని బ్యాక్టీరియాలే. ఇప్పుడు ఎరువుల ఫ్యాక్టరీలు, పప్పుధాన్యాల సాగు, బండ్ల పొగ అన్నీ కలిపి చూస్తే మనుషులం మార్చేది నేల మీద ప్రకృతి మార్చేదానికి తక్కువేం కాదు, ఎక్కువే ఉండొచ్చు. ఒక వందేళ్లలోనే ఇంత తేడా వచ్చింది. తిండి దొరికింది దాంతోనే, అది కాదనను, ఈ రోజు మన ఒంట్లో ఉన్న నైట్రోజన్‌లో దాదాపు సగం అలా ఫ్యాక్టరీలో తయారైందే అంటారు.

ఇంకో సంగతి, మీరు నైట్రోజన్ ఒక్కదానికే రేటు కట్టారు. ఆకులో పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం, జింక్, ఇంకా అన్నిటికన్నా ముఖ్యం కార్బన్ ఉంది. మన ఎర్ర నేలల్లో సేంద్రియ కార్బన్ మామూలుగానే అర శాతం లోపు, ఎండకి త్వరగా కాలిపోతుంది కూడా. అది లేని మట్టి రోలర్ తొక్కినట్టు గట్టిపడుతుంది, వాన పడితే లోపలికి ఇంకదు, మీరు వేసిన డీఏపీ కూడా పైపైనే ఉండి పోతుంది. బస్తాన్నర యూరియా వేస్తే ఇది రాదు కదా.

పాములంటారా, మీరు చెప్పేది మోకాలెత్తు కుప్పకి నిజమే. చెట్టు పాదులో నాలుగు వేళ్ల మందం పరిస్తే పాముకి దాక్కునే చోటు తక్కువ. డెంగీ దోమ గుడ్లు పెట్టేది నిలిచిన మంచి నీళ్లలో, కొబ్బరి చిప్పలు, టీ కప్పులు, కూలర్లు, పూలకుండీ కింది ప్లేట్లు. ఆకు పొరలో కాదు.

---

చల్కనేల_నల్గొండ:

అక్కా, మీ అబ్బాయి అడిగింది మంచి ప్రశ్న. నేను ఉప్పల్‌ల ఉంట, జాబ్ ఇక్కడ, పొలం నల్గొండ జిల్లాల, వారం వారం పోయొస్త. పొలం సంగతి చెప్త, పార్కుది దీనికి చిన్న సైజు అంతే.

మా తాత టైమ్‌ల వడ్లు ఇంటికొచ్చేటివి, గడ్డి వాములేసేటోళ్లు, గడ్డి ఎడ్లు బర్లు తినేటివి, పెంట దిబ్బ మీద పడేది, ఎండాకాలం బండ్లతోని పెంట పొలానికి తోలేటోళ్లు. ఊర్ల తిన్నది కూడ చెల్కల్నే పడేది, ఇగ చెప్పనక్కర్లేదు. గొర్లోళ్లు వస్తె రాత్రి పొలంల గొర్ల మంద పెట్టిచ్చేటోళ్లు, పెంట అండ్లనే పడేది, దానికి వాళ్లకు వడ్లు గిట్ల ఇచ్చేటోళ్లు, ఇప్పటికీ కొన్ని ఊర్లల్ల పెట్టిస్తున్నరు. చెరువు ఎండితే పూడిక మట్టి తోలుకునేటోళ్లు. పొలంల నుంచి కొట్టుకపోయిన మెత్తటి మట్టంత చెరువులనే కూసుంటది కదా, మళ్ల పొలానికే. 2015ల చెరువుల పూడిక తీసే మిషన్ కాకతీయ పెట్టినప్పుడు మా ఊరోళ్లు గూడ ట్రాక్టర్లు పెట్టుకోని తోలిండ్రు, ఆ మట్టి పడ్డ మడిల పత్తి ఎట్ల ఉండెనంటే పక్క మడికి దానికి తేడా గట్టు మీంచి చూస్తె తెలిసేది.

ఇప్పుడు ఎడ్లు లెవ్వు, ట్రాక్టర్. ట్రాక్టర్ పెంటెయ్యదు. హార్వెస్టర్ కోసినంక గడ్డి పొలమంత చెల్లాచెదురు పడుతది, యాసంగికి దున్నాల్నంటె టైమ్ ఉండదు, అగ్గి పెడుతరు. ఎకరానికి పాతిక క్వింటాళ్ల వడ్లు పండితె గడ్డి కూడ దగ్గర దగ్గర అంతే ఉంటది. టన్ను గడ్డిల నైట్రోజన్ ఆరేడు కిలోలు, పొటాషియం పదిహేను కిలోల పైన ఉంటదని కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం)ల చెప్పిండ్రు. లెక్క కట్టుకోండ్రి, ఎకరం గడ్డిల పొటాషే బస్తాన్నర ఎరువు అంత. ఆ పొటాష్ మన దేశంల తవ్వేది లేదు, మొత్తం బయటి దేశాల నుంచి ఓడలల్ల రావాలె. అగ్గి పెడితె నైట్రోజన్ మొత్తం పాయె, పొటాష్ చానావరకు బూడిదల ఉంటది గని గాలికి ఎటు పోతదో.

మరి బేలర్ పెట్టి గడ్డి కట్టలు కట్టి డెయిరీలకు అమ్ముతున్నం, పొగ లేదు మంచిదే కదా అంటరు. మంచిదే, కానీ అప్పుడు బూడిద గూడ మిగల్లేదు, పొటాష్ అంత లారెక్కి పోయింది. పెంట తిరిగి వస్తె వేరే ముచ్చట, రాదు.

యూరియా సంగతి ఇంకో కథ. 2025 వానాకాలంల యూరియా కోసం చెప్పులు లైన్ల పెట్టి కూసున్న ఫొటోలు మీరు గూడ చూసే ఉంటరు. దొరుకుతదో లేదో అని దొరికినప్పుడే ఎక్కువ కొడుతరు, రెండు రెండున్నర బస్తాలు సరిపోయే దగ్గర నాలుగు. వరి మడిల నీళ్లు నిలిచి ఉంటయి, వేసిన దాంట్ల పంటకందేది మూడో వంతో ఇంకొంచెమో. మిగిలింది కొంత గాలిల కలుస్తది, కొంత బోరు నీళ్లల్ల నైట్రేట్ అయితది. 2015 నుంచి యూరియాకు వేపనూనె పూత తప్పనిసరి చేసిండ్రు, మెల్లగ కరగాలని, 2018ల బస్తా 50 కిలోల నుంచి 45 చేసిండ్రు, తక్కువ వాడుతరని. మావోళ్లు బస్తాల లెక్కల్నే మాట్లాడుతరు కాబట్టి కొంచెం పని చేసినట్టే ఉంది, మొత్తం కాదు.

డీఏపీది ఉల్టా సమస్య. ఏండ్ల తరబడి వేసి వేసి మా దిక్కు మట్టి టెస్టు చేయిస్తె భాస్వరం (ఫాస్ఫరస్) "ఎక్కువ" అని వస్తది, కానీ పంటకు అందదు, మట్టిల పట్టుకపోయి ఉంటది. దాని మీద జింక్ లోపం వస్తది, వరి ఆకు మీద తుప్పు మచ్చలు. యూనివర్సిటీ సార్లు భాస్వరం కరిగించే బ్యాక్టీరియా వాడుండ్రి, డీఏపీ తగ్గించుండ్రి అంటరు. మా నాయిన మాత్రం డీఏపీ బస్తా లేకుంట విత్తనం సంచి విప్పడు.

---

మూసీ_ఒడ్డు:

చల్కనేల బ్రో చెప్పినదాని తర్వాతి సీన్ నేను చెప్తా, ఎందుకంటే ఆ లారీలు వచ్చి ఆగేది మన సిటీలోనే. వడ్లు, పప్పు, పాలు, కూరగాయలు, మాంసం, గడ్డి, అన్నీ జిల్లాల నుంచి హైదరాబాద్‌కి వస్తాయి. తిరిగి ఏం వెళ్తుంది? ప్లాస్టిక్ సామాన్లు, సిమెంట్, యూరియా బస్తాలు. జిల్లాల మట్టిలో ఉన్న నైట్రోజన్, ఫాస్ఫరస్, పొటాష్ బియ్యంగా వచ్చి మన డ్రైనేజీలో ఆగిపోతుంది.

అంకుల్‌కి లెక్కలు ఇష్టం కాబట్టి ఒకటి. మన దేశంలో మనిషి ఏడాదికి ఒంట్లోంచి బయటికి పంపే నైట్రోజన్ రఫ్‌గా మూడు కిలోలు వేసుకోండి. సిటీలో కోటి మంది అనుకుంటే 30,000 టన్నులు. యూరియాలోకి మారిస్తే 65,000 టన్నులు, 45 కిలోల బస్తాల్లో పద్నాలుగు లక్షల పైన. ఇది ఫ్లష్ కొట్టగానే కనపడకుండా పోయేది మాత్రమే, కిచెన్ చెత్త ఇందులో లేదు, అది జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకి వెళ్తుంది.

కొంత మురుగు శుద్ధి ప్లాంట్లకి వెళ్తుంది, అంబర్‌పేటలో ఉన్నది పెద్దది, కానీ మామూలు ప్లాంట్ పని ముఖ్యంగా కుళ్లే పదార్థాన్ని తగ్గించడం, నీళ్లలో కరిగిన నైట్రోజన్, ఫాస్ఫరస్ అంతా తీసేయదు. శుద్ధి కానిది ఎలాగూ మూసీలోకే. ఉప్పల్ దాటి పీర్జాదిగూడ వైపు వెళ్తే ఏటి పక్కన ఎండాకాలంలో కూడా పచ్చగా గడ్డి కనపడుతుంది చూడండి, అది పారాగడ్డి, సిటీ డెయిరీల బర్రెలకి అదే మేత. అక్కడ వాళ్లు ఒకప్పుడు వరి వేసేవాళ్లు, నీళ్లలో నైట్రోజన్ ఎక్కువైపోయి పైరు ఏపుగా ఎదిగి పడిపోయేది, గింజ తక్కువ, ఆకు ఎక్కువ. గడ్డికి కావాల్సింది ఆకే కాబట్టి చాలామంది గడ్డికి మారిపోయారు. ఎరువు కొనకుండానే కోత మీద కోత వస్తుంది. ఒకరకంగా అది కూడా రీసైక్లింగే, కాకపోతే దాంతో పాటు ఫ్యాక్టరీల కెమికల్స్, లోహాలు కూడా వస్తున్నాయి, అక్కడే వస్తుంది చిక్కు.

నాకు ఇందులో కనపడేది ఏంటంటే, పోషకాలు ఎక్కడికీ మాయం అవట్లేదు. నల్గొండ చల్కలో ఉంటే పంట, హుస్సేన్ సాగర్‌లో ఉంటే నాచు, వాసన, చిన్న చెరువుల్లో అయితే గుర్రపు డెక్క. ఆ గుర్రపు డెక్క తీసి కట్ట మీదే కుప్ప పోస్తారు, వానకి కుళ్లి రసం మళ్లీ చెరువులోకే, ఈ ఒక్క చక్రం మాత్రం బ్రహ్మాండంగా తిరుగుతోంది మన సిటీలో.

ఫాస్ఫరస్ గురించి కూడా ఒక మాట. నైట్రోజన్‌కి కనీసం గాలి ఉంది, ఫాస్ఫరస్ రాయిలోంచే రావాలి, ప్రపంచంలో ఆ రాయి నిల్వల్లో 70 శాతం దాకా మొరాకో వైపే ఉన్నాయి. అక్కడ తవ్వి, ఓడెక్కించి, డీఏపీ చేసి, వరికి వేసి, అన్నంగా తిని, మూసీలో వదిలేస్తున్నాం. వన్ వే టికెట్.

---

సైనిక్‌పురి_వాసి:

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. మా వాడికి చదివి వినిపించా, "అయితే చక్రం కాదు, లైన్" అన్నాడు, టీచర్‌కి చెప్తాడట, ఏమవుతుందో చూడాలి.

రాజేంద్రనగర్ గారూ, ఇవాళ వెళ్లి దగ్గర్నించి చూశా. ముదురు ఆకులు బానే ఉన్నాయి. పసుపు అయ్యేవి కొత్తగా వచ్చే ఆకులే, మధ్యలో అంతా లేత పసుపు, ఈనెలు మాత్రం గీసినట్టు ఆకుపచ్చగా ఉన్నాయి. పార్కు గోడ పక్కన ఉన్న కానుగలకి ఎక్కువగా ఉంది. పాదు దగ్గర కొంచెం గీరితే రెండంగుళాల కింద ఇటుక ముక్కలు, సిమెంట్ పెళ్లలు తగిలాయి. ఇంకా చెట్టు మొదలు దాకా టైల్స్ వేసేశారు పోయిన సంవత్సరం బ్యూటిఫికేషన్ అని.

---

రాజేంద్రనగర్_మట్టిబడి:

అనుకున్నదే మేడం. నైట్రోజన్ తక్కువైతే ముందు ముదురు ఆకులు పసుపు అవుతాయి, ఎందుకంటే చెట్టు పాత ఆకులోంచి లాగి కొత్త ఆకుకి ఇస్తుంది. ఐరన్‌ని అలా లాగలేదు, అందుకే ఐరన్ అందకపోతే కొత్త ఆకే పసుపు అవుతుంది, ఈనెలు పచ్చగా ఉంటాయి. మీరు చెప్పింది అచ్చం అదే. మట్టిలో ఐరన్ లేక కాదు, మనది ఎర్రమట్టి, ఐరన్‌కి కొదవా. సిమెంట్, సున్నం ముక్కల వల్ల మట్టి క్షారం వైపు వెళ్లిపోయి ఐరన్ కరగడం మానేసింది. బిల్డింగ్ కట్టినప్పుడు మిగిలిన చెత్త మీదే పార్కు వేస్తారు మన దగ్గర, ఇది ప్రతి కొత్త లేఅవుట్‌లో చూడొచ్చు. దాని మీద మీరు డీఏపీ వేస్తుంటే ఆ ఫాస్ఫరస్ ఉన్న కాస్త ఐరన్‌ని, జింక్‌ని ఇంకా కట్టిపడేస్తుంది. కాల్చిన బూడిద కూడా క్షారమే.

కాబట్టి డీఏపీ పూర్తిగా ఆపేయండి, ఈ సంవత్సరం ఒక్క గింజ కూడా వద్దు. టైల్స్ మొదలు నుంచి కనీసం ఒక మీటర్ దూరం తీసేయించండి, లేకపోతే ఆకు వదిలినా టైల్ మీదే ఎండుతుంది తప్ప మట్టిలోకి దిగదు. దొరికిన పెళ్లలు ఏరేయండి, వేళ్లకి దెబ్బ తగలకుండా చేత్తోనే. కుళ్లిన ఆకు ఎరువులో ఉండే ఆమ్లాలు ఐరన్‌ని కరిగిన రూపంలో పట్టి ఉంచుతాయి, మీకు కావాల్సింది అదే. వెంటనే ఫలితం కావాలంటే చిన్న చెట్లకి ఐరన్ చీలేట్ (ఐరన్‌ని కరిగిన రూపంలోనే ఉంచే మందు) వేయొచ్చు, పెద్ద కానుగలకి ఖర్చు దండగ. మట్టి టెస్ట్ ఒకటి చేయించండి, పీహెచ్ ఎంతుందో, అంటే మట్టి ఎంత క్షారంగా ఉందో తెలుస్తుంది.

---

బాల్కనీ_తోట_కూకట్‌పల్లి:

నేను సైన్స్ మనిషిని కాదండి, కానీ మా అపార్ట్‌మెంట్‌లో ఆకు ఎరువు చేస్తున్నాం కాబట్టి చేతి పని చెప్తా.

ఇనుప జాలీ కొని గుండ్రంగా చుట్టి కట్టండి, నడుం ఎత్తు ఉంటే చాలు, అడుగు భాగం మట్టి మీదే ఆనాలి, సిమెంట్ మీద కాదు. ఆకుల్లోంచి బిస్కెట్ రేపర్లు, పాన్ మసాలా ప్యాకెట్లు ఏరేయాలి, ఇదే అసలు పని, మిగతాదంతా తేలిక. ఎండాకు ఒక్కటే వేస్తే మన ఎండకి ఏడాదైనా అలాగే గలగలలాడుతూ ఉంటుంది. దాంట్లో కార్బన్ ఎక్కువ, నైట్రోజన్ తక్కువ కాబట్టి పురుగూ పుట్రా తినలేవట. అందుకని ఒక జానెడు ఆకు పొర, దాని మీద పేడ నీళ్లు గానీ పుల్లటి మజ్జిగ గానీ, గడ్డి మెషీన్‌తో కోసిన పచ్చగడ్డి గానీ, మళ్లీ ఆకు. వంటింటి కూరగాయ తొక్కలు వేయొచ్చు, కానీ కాలనీలో అయితే ఎవరో ఒకరు మిగిలిన బిర్యానీ తెచ్చి పడేస్తారు, కుక్కలు, ఎలుకలు, అక్కడితో ప్రాజెక్ట్ క్లోజ్. అందుకే మొదట్లో పేడ నీళ్లే సేఫ్.

తడి సంగతి, గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకట్రెండు చుక్కలు రావాలి. చుక్క రాకపోతే పనే జరగట్లేదు, ధారగా కారితే కుళ్లు వాసన వస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో రెండ్రోజులకోసారి నీళ్లు పట్టాలి, బోరు నీళ్లు లేకపోయినా సరే ఆర్వో వదిలేసే నీళ్లు మాత్రం వాడకండి, ఉప్పు ఎక్కువ. పైన పాత గోనెసంచి కప్పితే చాలు. వానలు పడ్డాక దానంతట అదే స్పీడ్ అందుకుంటుంది, దసరా నాటికి అడుగున నల్లగా, అడవి మట్టి వాసనతో వచ్చేస్తుంది.

కానుగ ఆకు చాలా బాగా అవుతుంది, వేప కూడా. మామిడి, పనస ఆకులు మొండివి, ముక్కలు చేసి వేయాలి. నిద్రగన్నేరు ఆకులు చిన్నవి కాబట్టి ముందే అయిపోతాయి, కాయలు మాత్రం జిగటగా ఉండి ఈగలు వస్తాయి, పక్కకి తీసేయండి, మేకలవాళ్లకి చెప్తే సంతోషంగా పట్టుకెళ్తారు. కొబ్బరి మట్టలు, తాటాకు జోలికి పోకండి.

---

ప్రెసిడెంట్_అంకుల్:

టైల్స్ తీయించాలంటే జనరల్ బాడీలో ఒప్పుకోరు, పోయినేడే లక్షలు పెట్టి వేయించి ఉంటారు. మొదలు చుట్టూ రెండు వరుసలు తీసి ఇటుక అంచు కట్టిస్తే ఒప్పుకోవచ్చు, అందంగా కూడా ఉంటుంది. జాలీ గోడ పక్కన కాకుండా పార్కు మధ్యలో పొదల వెనక పెట్టండి, గోడ అవతలి ఇంటాయన మొదటి వాసనకే కంప్లైంట్ ఇస్తాడు, ఇది నా అనుభవం. ఆకులు లేకుండా వాకింగ్ ట్రాక్ మాత్రం రోజూ ఊడవాలి, దీంట్లో నేను తగ్గను.

ఇంకో విషయం, ఎవరూ చెప్పలేదు. ఊడ్చేవాళ్లకి ఇది చెప్పే పద్ధతి ఉంది. వాళ్ల సూపర్‌వైజర్ వచ్చి నేల మీద ఆకు కనపడితే పని చేయలేదని రాస్తాడు, వాళ్ల జీతం కోత పడుతుంది. అందుకే అంత నున్నగా ఊడుస్తారు. మీరు వెళ్లి "ఆకు వదిలేయండి" అంటే ఊ అంటారు, రేపు మళ్లీ ఊడుస్తారు. ముందు కాంట్రాక్టర్‌తో మాట్లాడి పాదుల్లో ఆకు ఉండాలి, ట్రాక్ మీద ఉండకూడదు అని కాగితం మీద రాయించండి. ఊడ్చిన ఆకు సంచిలో ఎత్తి మూలకి మోసే బదులు పక్కనే పాదులోకి తోస్తే వాళ్లకి కూడా నడుం నొప్పి తగ్గుతుంది.

---

సైనిక్‌పురి_వాసి:

అంకుల్ ఈ కాంట్రాక్ట్ పాయింట్ నాకు తట్టనే లేదు, థాంక్యూ. ఆదివారం మీటింగ్ ఉంది, 25,000 ఫైన్ సంగతి మొదట చెప్పి, డీఏపీ ఆపితే ఎంత మిగులుతుందో తర్వాత చెప్తా. పాదులన్నీ నిండినా ఇంకా సంచులు మిగిలేలా ఉన్నాయి మరి, వాటినేం చేయమంటారు?

---

చల్కనేల_నల్గొండ:

అక్కా మిగిలినయి నాకు చెప్పుండ్రి, శుక్రవారం సాయంత్రం ఊరికి పోయేటప్పుడు డిక్కీల ఎన్ని పడితె అన్ని ఏసుకపోత. బత్తాయి తోట ఉంది మాకు కొంచెం, పాదుల్ల వేస్త. వరి మడిల కలిపి దున్నొచ్చా రాజేంద్రనగర్ అన్నా?

---

రాజేంద్రనగర్_మట్టిబడి:

బత్తాయి పాదుల్లో పైన పరచడానికి హాయిగా వాడు తమ్ముడూ. వరి మడిలో ఎండాకు అలాగే దున్ని వెంటనే నాటు వేయకు, ఆ ఆకుని తినే బ్యాక్టీరియా మట్టిలో ఉన్న నైట్రోజన్‌ని కూడా వాడేసుకుంటుంది, నాటు పడ్డ పైరు కొన్ని వారాలు పసుపు తిరుగుతుంది, మీ నాయిన మళ్లీ ఇంకో బస్తా యూరియా వేస్తాడు. వేయాలనుకుంటే జూన్‌లో జీలుగ (పచ్చిరొట్ట పైరు) చల్లి, పూతకి వచ్చే ముందు దాన్ని కలియదున్నేటప్పుడు ఈ ఆకు కూడా పడేయ్, పచ్చిరొట్టలో నైట్రోజన్ ఉంటుంది కాబట్టి రెండూ కలిసి కుళ్లిపోతాయి, ఓ రెండు వారాలు నీళ్లు పెట్టి వదిలేసి తర్వాత నాటు వేసుకో. జీలుగ విత్తనం మీ దగ్గర సబ్సిడీ మీద ఇస్తారు, మే నెలలోనే అడిగి పెట్టుకో, తర్వాత అయిపోతుంది.